బ్లూస్ గిటారు: పన్నెండు బార్ల పాఠం



గిటారు అనగానే అది ఇంగ్లీషు మీడియం పిల్లల వాయిద్యమని మనలో చాలామందికి బెరుకు. యూనివర్సిటీలో చేరాక మాకూ అదే మాట వినిపించింది. కానీ బ్లూస్ సంగీతం పుట్టింది అమెరికా దక్షిణాదిన, పత్తిచేలల్లో కూలికీ పాలుకీ పనిచేసిన నల్లజాతి వారి మధ్య. మిసిసిపిలోని స్టోవాల్ ఎస్టేట్‌లో ట్రాక్టర్ తోలిన మడ్డీ వాటర్స్ పాటలను 1941లో అలన్ లోమాక్స్ అక్కడికే వచ్చి రికార్డు చేసుకున్నారు. 1943లో వాటర్స్ చికాగో వెళ్లి, అక్కడ కరెంటు గిటారుతో ఆ పాటనే ఊరంతా వినేలా చేశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ గారు 1946లో ఉత్తరం రాసిన డుబోయిస్ గారు, 1903 నాటి తన పుస్తకంలో నల్లవారి దుఃఖగీతాలకు ఒక అధ్యాయమే కేటాయించారు. ఆ గీతాలు బ్లూస్‌కు పెద్దక్కల వంటివి. కాబట్టి బెరుకు పక్కన పెట్టి గిటారు పట్టండి.

ముందు లయ. చాలామంది లిక్‌ల కోసం తొందరపడతారు. అది మాకు నచ్చదు. మనం ‘తకిట’ అంటామే, అందులో మధ్య ‘కి’ని మింగేయండి: త–ట, త–ట. ఇదే షఫుల్. రెండూ సమానంగా పడితే డ్రిల్లు అవుతుంది, బ్లూస్ కాదు. ఇలాంటి నాలుగు దెబ్బలు ఒక బార్.

తీగల్లో లావుది ఆరోది, సన్నది ఒకటోది. ఐదో తీగను ఖాళీగా వదిలి, నాలుగో తీగను రెండో మెట్టులో చూపుడువేలితో నొక్కి, రెండూ కలిపి త–ట మీటండి. తర్వాతి దెబ్బకు ఉంగరపువేలు నాలుగో మెట్టులో వేయండి. ఇలా మార్చి మార్చి. ఇది ఎ. ఇదే పట్టును సన్న తీగల వైపు ఒక తీగ జరిపితే డి, లావు వైపు జరిపితే ఇ. ఎ షడ్జమం అనుకుంటే డి మధ్యమం, ఇ పంచమం.

ఇక వరుస: నాలుగు బార్లు ఎ, రెండు డి, రెండు ఎ, తర్వాత ఒక్కొక్కటి ఇ, డి, ఎ, ఇ. చివరి ఇ మళ్లీ మొదటికి లాక్కొస్తుంది. పాట ముగించేటప్పుడు మాత్రం ఎ మీదే ఆగాలి. ఈ వరుస వస్తే ముక్కూ మొహం తెలియనివారితోనైనా కలిసి వాయించవచ్చు.

లిక్ అంటే పాటకు జవాబిచ్చే చిన్న స్వరాల ముక్క. బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకుంటారు కదా, అలాగే. సాధారణంగా మొదటి పాదం రెండు బార్లు పాడతారు, తర్వాతి రెండు బార్లు గిటారువి. రెండోసారి అదే పాదం, మూడోసారి వేరే పాదం. పత్తి ఏరిన చేతులతోనే గిటారు పట్టిన బి.బి. కింగ్ (1925–2015) పాడేటప్పుడు వాయించేవారు కాదు. గొంతు ఆగాకే గిటారు పలికేది.

స్వరాలు మన శుద్ధధన్యాసివే: స గ మ ప ని. మొదటి లిక్ మూడే స్వరాలు, మ గ స: మూడో తీగ ఏడో మెట్టు, ఐదో మెట్టు, నాలుగో తీగ ఏడో మెట్టు. గాంధారం దగ్గర తీగను కొంచెం పక్కకు లాగండి, ఏడుపు జీర వస్తుంది. ఆ జీర రాకపోతే స్వరాలన్నీ సరిగ్గా పలికినా బ్లూస్ అనిపించదు.

మాకు ముగ్గురికీ కలిపి ఒక్కటే గిటారు. ఒకరు బల్ల మీద త–ట కొడతారు, ఒకరు పాడతారు, ఒకరు జవాబిస్తారు. ఐదో బార్ రాగానే బల్ల కొట్టేవారు ‘డి’ అని గట్టిగా అరవాలి.