పశ్చిమాఫ్రికా పండుబూరెలు
(గృహవిజ్ఞాన పాఠము)

అంబర్‌పేట వీథులలో అరటిపండ్ల బండి యొద్ద సాయంకాలమునకు రెండు విధములైన పండ్లు మిగులుచుండును. పసుపువన్నె చెడని పండ్లు మఱునాడు అమ్ముడుపోవును. తొక్క నల్లబడి, చేత పట్టినంతనే మెత్తగా తగులు పండ్లను మాత్రము ఎవరును కొనరు. అవి పశువులకో చెత్తకుప్పకో పోవును. మన యిండ్లలోను ఇట్లే జరుగుచున్నది. కాని తొక్క నల్లబడినంత మాత్రమున పండు చెడినది కాదు. బూజు, పుల్లని వాసన, చీము వంటి కారుడు లేనియెడల అది తీపి నిండిన పండే. అట్టి పండును పిండిలో కలిపి నూనెలో వేయించుట పశ్చిమాఫ్రికా గృహిణులకు చిరపరిచితమైన విద్య. ఆ విద్యను మన యింట ఆచరించుట ఎట్లో, అందలి కష్టమెక్కడనో, దానికి కారణమేమో తెలుపుట ఈ పాఠమునకు ఉద్దేశము.

ఆ దేశముల వంటలు

అంబర్‌పేటకు చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918వ సంవత్సరమున స్థాపింపబడినది. అందు ఆఫ్రికా ఖండపు పలు దేశముల విద్యార్థులు చదువుచుందురు. కావున ఆ ఖండపు వంటలను గూర్చి తెలిసికొనుట మన ప్రాంతపు బాలబాలికలకు ఇరుగుపొరుగు వారిని గూర్చి తెలిసికొనుట వంటిదే.

నైజీరియా దేశమున మైదా, చక్కెర, ఈస్టు, నీరు, కొంచెము జాజికాయ పొడి కలిపి, పులియనిచ్చి, ఉండలుగా నూనెలో వేయించెదరు. దీనికి పఫ్‌పఫ్ అని పేరు. ఘానా దేశమున దీనినే బోఫ్రోట్ అందురు. వీథి యంగళ్లలోను, పెండ్లి విందులలోను ఇది తప్పక కనబడును. పండుతో చేయునవి వేఱుగా కలవు. ఐవరీ కోస్టు వారు మిగుల మాగిన కూర అరటిపండును మెదిపి, పిండి కలిపి, క్లాక్లో అను ఉండలు వేయింతురు. ఘానా వారు అట్టి పండులోనే అల్లము, మిరప, ఉల్లి చేర్చి టాటలే అను అట్లు కాల్తురు. సియెర్రా లియోన్ వారు అరటిపండు గుజ్జును బియ్యపుపిండితో కలిపి చిన్న చిన్న ముద్దలుగా వేయింతురు.

ఈ చివరిదానిని వినగానే మనకు తాటిబూరెలు జ్ఞప్తికి రాకమానవు. గోదావరి మండలములలో తాటిపండు గుజ్జు తీసి, బియ్యపు రవ్వ, బెల్లము కలిపి, నూనెలో వేయించుట మన పెద్దలెఱిగిన పనియే. హైదరాబాదు ఇండ్లలో గోధుమపిండి, బెల్లముతో చేయు గుల్‌గులాలును, అరటిపండు, పెరుగు కలిపి చేయు మంగళూరు బన్నులును ఈ కుటుంబములోనివే.

ఇందు మఱియొక వింత కలదు. అరటి ఆఫ్రికాలో పుట్టిన మొక్క కాదు. ఆగ్నేయాసియా, న్యూగినీ ప్రాంతములలో సాగునకు వచ్చి, ప్రాచీనకాలముననే ఆఫ్రికాకు చేరినది. మనము వడలు చేసికొను బొబ్బర్లు, అనగా అలసందలు, ఆఫ్రికాలో సాగునకు వచ్చి ప్రాచీనకాలముననే మన దేశమునకు చేరినవి. నైజీరియా వారు ఆ బొబ్బర్లను నానబెట్టి, రుబ్బి, వేయించి అకారా అను పేర తినుచున్నారు. బానిసలుగా కొనిపోబడిన జనులు ఆ వంటను బ్రెజిలు దేశమునకు తీసికొనిపోగా అచ్చట అది అకరాజె అయినది. పండు అటు పోయినది. పప్పు ఇటు వచ్చినది. నూనె బాణలి మాత్రము రెండుచోట్లను ఒక్కటియే.

మూలసూత్రము

పండు కలిపిన పిండివంట చేయువారు ఒక్క సూత్రమును గుర్తుంచుకొనిన చాలును. పిండిలో పండు చేరినప్పుడు మూడు తగ్గవలెను: నీరు, చక్కెర, మంట. ఈ మూటిని తగ్గింపక పండును మాత్రము చేర్చినయెడల పిండి జారుగా నగును; ఉండ నూనెలో విచ్చిపోవును; పైభాగము మాడి లోపల పచ్చిగా నుండును. అప్పుడు పండును రక్షింపబోయి పిండిని, నూనెను గూడ పోగొట్టుకొందుము.

లెక్కతో చూడుడు. పండు లేక పఫ్‌పఫ్ చేయుటకు 250 గ్రాముల మైదాకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు, 60 గ్రాముల చక్కెర పట్టును. ఇప్పుడు 150 గ్రాముల అరటిపండు గుజ్జు చేర్చితిమి అనుకొందము. అరటిపండులో సుమారు ముప్పాతిక పాలు నీరే. కావున గుజ్జుతో సుమారు 110 గ్రాముల నీరు వచ్చినది. దానిని 200 నుండి తీసివేయగా మనము పోయవలసినది 90 మిల్లీలీటర్లు. గుజ్జుతో ఇరువది గ్రాములకు పైగా చక్కెరయు వచ్చినది. కనుక 60 గ్రాములకు మాఱుగా 40 గ్రాములు చాలును. వంటయిల్లు కూడ గణితశాల యని దీనివలన తెలియుచున్నది.

కావలసిన సామగ్రి

మైదా 250 గ్రాములు. మిగుల మాగిన అరటిపండ్లు రెండు లేక మూడు, తొక్క తీసిన పిమ్మట 150 గ్రాములు. చక్కెర 40 గ్రాములు. ఎండు ఈస్టు ఒక చిన్న చెంచా, సుమారు 4 గ్రాములు. ఉప్పు అర చిన్న చెంచా. జాజికాయ పొడి చిటికెడు. గోరువెచ్చని నీరు 90 మిల్లీలీటర్లు. వేయించుటకు తగినంత నూనె. ఈ కొలతకు సుమారు ఇరువది నాలుగు ఉండలగును.

చేయు విధము

మొదట గోరువెచ్చని నీటిలో ఒక చెంచా చక్కెర కరగించి, ఈస్టు చల్లి పది నిమిషములుంచవలెను. నురుగు పైకి వచ్చిన ఈస్టు సజీవముగా నున్నదని యర్థము. నురుగు రానియెడల ఆ ఈస్టును పాఱవేసి క్రొత్తది తెచ్చుకొనవలెను. అట్లుగాక ముందునకు పోయిన శ్రమ వ్యర్థము. నీరు చేతికి వెచ్చగా తగులవలెనే గాని కాలరాదు. మిక్కిలి వేడినీటిలో ఈస్టు చచ్చిపోవును.

పిమ్మట పండ్లను గరిటెతో గాని చేతితో గాని గడ్డలు లేకుండ మెదుపవలెను. వెడల్పాటి గిన్నెలో మైదా జల్లించి, మిగిలిన చక్కెర, ఉప్పు, జాజికాయ పొడి కలిపి, నడుమ గుంత చేసి, అందు గుజ్జును, ఈస్టు నీటిని పోయవలెను. చేతితో అయిదారు నిమిషములు గట్టిగా కొట్టుచు కలుపవలెను. పిండి చపాతి ముద్దవలె గట్టిగా ఉండరాదు. దోసె పిండివలె జారరాదు. పునుగుల పిండివలె చేతినుండి మెల్లగా జాఱుచు సాగవలెను. గట్టిగా నున్నచో ఒక చెంచా నీరు చేర్చవచ్చును.

గిన్నెపై తడిబట్ట కప్పి వెచ్చనిచోట ఉంచవలెను. మన యెండకాలమున ముప్పావు గంటలోనే పిండి రెట్టింపగును. చలికాలమున గంటన్నర పట్టవచ్చును. గడియారముకన్న పిండినే చూచుట మేలు. పొంగి, పైన బుడగలు కనబడిన చాలును. అంతకు మించి యుంచిన పులుపు వాసన పుట్టును.

బాణలిలో నూనె మూడు నాలుగు అంగుళముల లోతుండవలెను. నూనె కాగినదో లేదో తెలియుటకు ఒక చుక్క పిండి వేయుడు. అది అడుగునకు పోయి, మెల్లగా బుడగలతో పైకి లేచినయెడల నూనె సిద్ధము. వేసిన వెంటనే పైకెగసి ఎఱ్ఱబడినయెడల మంట ఎక్కువైనది. ఉష్ణమాపకము కలవారు, పండులేని పఫ్‌పఫ్‌కు 175 సెంటీగ్రేడు డిగ్రీలు, పండు కలిసినదానికి 165 డిగ్రీలు ఉంచుకొనవలెను.

చేతిని నీటిలో ముంచి విదిలించి, తడి కాఱకుండ చూచుకొని, పిడికిట పిండి తీసికొని, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమనుండి పెద్ద ఉసిరికాయంత ఉండను నూనెలోనికి జాఱవిడువవలెను. ఇది బొండాలు వేయు చేతివాటమే గాని వేఱొకటి కాదు. ఒక్కసారి ఆఱేడింటికి మించి వేయరాదు. వేసినచో నూనె చల్లబడి ఉండలు నూనె పీల్చును. బాగుగా పొంగిన ఉండలు తమంతట తామే దొరలును. దొరలనివానిని చిల్లుల గరిటెతో త్రిప్పవలెను. నాలుగైదు నిమిషములలో తేనెరంగు దాటి ముదురు గోధుమరంగు వచ్చును. ఒకదానిలో సన్నని పుల్ల గ్రుచ్చి తీయుడు. పచ్చిపిండి అంటక వచ్చిన ఉండలు ఉడికినట్లే.

కారణములు

ఈస్టు కంటికి కనబడని జీవి. అది చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును, కొంచెము మద్యసారమును పుట్టించును. గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి గ్లూటెన్ అను సాగెడి జిగురగును. ఆ జిగురు వాయువును బుడగలుగా పట్టియుంచుటచేత ఉండ పొంగును. బియ్యములో ఈ జిగురు లేదు. అందుచేతనే సియెర్రా లియోన్ వారి అరటి ముద్దలును మన తాటిబూరెలును ఈస్టు లేకయే చేయబడును. అవి దూదివలె పొంగక దిట్టముగా నుండును. ఇడ్లీలో బియ్యమున్నను అది పొంగుటకు తోడ్పడునది మినపపప్పులోని బంక.

పచ్చి అరటికాయలో పిండిపదార్థము మెండు. కాయ మాగినకొలది అది చక్కెరగా మాఱును. చక్కెర వేడికి త్వరగా ఎఱ్ఱబడి, ఆపై నల్లబడును. కనుకనే పండు చేరిన ఉండకు మంట తగ్గింపవలెను. లోపలికి వేడి చేరుటకు వ్యవధి యుండునట్లు ఉండను చిన్నది చేయవలెను. పండు నల్లబడినకొలది చేతికొలతలో చక్కెరయు తగ్గవలెను.

ఇతర ఫలములు

మామిడి గుజ్జు, సపోటా గుజ్జు అరటివలెనే వాడవచ్చును. మామిడి పలుచనిది కావున నీటిని ఇంకను తగ్గింపవలెను. అనాసపండును పచ్చిగా కలుపరాదు. అందు మాంసకృత్తులను విఱిచెడి రసము కలదు. అది గ్లూటెన్ జిగురును చెఱచి పిండిని నీరుగార్చును. అనాస ముక్కలను ముందుగా ఉడికించి చల్లార్చినయెడల ఆ దోషము పోవును. మన ప్రాంతమున సమృద్ధిగా దొఱకు సీతాఫలమును దీనికి వాడకుండుట మేలు. దాని గుజ్జు వేడి తగిలిన చేదెక్కును. దానిని పచ్చిగా తినుటయే ఉత్తమము.

జాగ్రత్తలు

నూనె బాణలి యొద్ద చిన్నపిల్లలు పెద్దల తోడు లేక నిలువరాదు. నూనె నిప్పంటుకొనినయెడల నీరు పోయరాదు. నీరు ఆవిరియై మండుచున్న నూనెను నలువైపుల చిమ్మును. పొయ్యి ఆర్పి, బాణలిపై మూత వేయవలెను.

ఒకసారి కాచిన నూనెను మరల మరల కాచుట ఆరోగ్యమునకు హానికరము. నూనెలో పుట్టు పోలారు పదార్థములు నూటికి 25 వంతులు మించినయెడల ఆ నూనెను వాడరాదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ విధించిన నియమము 2018 జూలై నుండి అమలులోనికి వచ్చినది. ఇంట దానిని కొలుచు సాధనముండదు. నూనె నల్లబడుట, నురుగు కట్టుట, చిన్న మంటకే పొగ లేచుట అను మూడు గుర్తులు చాలును. ఇది చక్కెర, మైదా, నూనె గల తినుబండారము. దినదినము తినదగినది కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములును నూనె, చక్కెరలను మితముగానే వాడుమని చెప్పుచున్నవి. ఈ సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. నెలకొకసారి, ఇంటిల్లిపాదియు పంచుకొని, మనిషికి రెండు మూడు ఉండలు తినిన ముచ్చట తీరును.

అభ్యాసము

విద్యార్థులారా! పెద్దల యెదుట ఈ పరీక్ష చేసి చూడుడు. ఒకే పిండిని రెండు పాళ్లు చేయుడు. ఒక పాలు పెద్ద మంటపైనను, రెండవది చిన్న మంటపైనను వేయింపుడు. రెండింటినుండి ఒక్కొక్క ఉండను నడిమికి కోసి, పైరంగును, లోపలి ఉడుకును, పట్టిన కాలమును పుస్తకమున వ్రాయుడు. తరువాత ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పుడు:

1. మామిడి గుజ్జు 100 గ్రాములు చేర్చినయెడల నీరెంత తగ్గింపవలెను? గుజ్జులో నూటికి 80 పాళ్లు నీరనుకొనుడు.
2. బియ్యపుపిండితో ఈస్టు బూరె ఏల పొంగదు?
3. మీ వీథిలోని పండ్లబండి యొద్ద సాయంకాలమున ఎన్ని పండ్లు మిగులుచున్నవి? వానిని తక్కువ వెలకు కొనిన ఎవరెవరికి లాభము?

మూడవ ప్రశ్నకు ఉత్తరము పుస్తకములో దొఱకదు. బండివానిని మర్యాదగా అడిగి తెలిసికొనుడు.