చివరి రోజు బేరాలొద్దు

చి.ల.సౌ. బిడ్డకు, చి. అల్లుడికి,

చేవెళ్ల నుంచి పెద్దమ్మ దీవించి రాసేది. మీ విమానం గురువారం తెల్లవారుజామున మూడు దాటాక అన్నావు. అంటే ఇల్లు కదలాల్సింది బుధవారం రాత్రే. టికెట్ మీద గురువారం అని చూసి ఇంకో రాత్రి ఉందనుకున్నవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. కాబట్టి మీకు తిరగడానికి మిగిలింది బుధవారం పగలు. నువ్వు పంపిన జాబితాలో చార్మినార్, గోల్కొండ, శిల్పారామం అన్నీ ఒక్కరోజులోనే ఉన్నాయి. అవి పక్కన పెట్టి ఇటు రండి. మొయినాబాద్, చేవెళ్ల చాలు. విమానం ఎక్కే శంషాబాద్ కూడా మనకు ఈ దిక్కే.

పొద్దున్నే చిలుకూరు గుడి. అల్లుడు వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాడు గదా. పనైంది, మొక్కు తీర్చే 108 బాకీ ఉంది. ఆ గుడికి హుండీ లేదు, దర్శనం టికెట్ లేదు, వీఐపీల వరస లేదు. స్టాంపు పడ్డవాడూ, రేపో ఎల్లుండో కాన్సులేట్ మెట్లెక్కబోయేవాడూ పక్కపక్కనే తిరుగుతారు. చేతిలో అంకెలు అచ్చేసిన కార్డు పట్టుకుని చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గడి కొట్టేసుకుంటారు. ఎనభై దాటాక అందరి మొహాల్లోనూ భక్తి తగ్గి లెక్క ఎక్కువవుతుంది, నవ్వుకోకు. శుక్ర, శని, ఆదివారాల్లో అయితే అడుగు తీసి అడుగు వేయలేం, బుధవారం కొంత నయం. మబ్బులనే లేచి రండి, పొద్దెక్కితే ఒట్టికాళ్లకు బండలు చురుక్కుమంటాయి. మొక్కు అతనిది, సగం నేను పంచుకుంటానని నువ్వు లేవకు. నీ 11 తిరిగి నీడన కూర్చో. పరుగులు వద్దని అతనికి చెప్పు. దుబాయ్ దాకా నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డల్లాస్‌కు ఇంచుమించు పదహారు గంటలు కూర్చోవాల్సిన కాళ్లు, పిక్కలు పట్టేస్తే కష్టం.

గుడి వెనక దిక్కు గండిపేట నీళ్లు. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక, మళ్లీ ఆ గతి పట్టకూడదని విశ్వేశ్వరయ్య సలహా మీద ఏడో నిజాం కట్టించిన చెరువు ఇది. 1920లో పూర్తయింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపెట్టడని మా చిన్నప్పుడు చెప్పేవాళ్లు. మీరిద్దరూ ఆ నీళ్లే తాగి పెరిగారు, అయినా టెక్సాస్‌లో తేలారు. మృగవని పార్కు పక్కనే ఉంది గానీ ఈసారికి వదిలేయండి. అలసిన కాళ్లతో జింకల వెంట ఏం తిరుగుతారు?

తర్వాత బీజాపూర్ రోడ్డెక్కి చేవెళ్లకు రండి. మొయినాబాద్ దాటాక రెండు పక్కలా మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా లెక్కేస్తే 900 దాకా తేలాయి. రోడ్డు వెడల్పులో వీటిని కొట్టేస్తారని గొడవై, మాట గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. మీరు మళ్లీ వచ్చేసరికి ఈ తొవ్వ ఇట్లాగే ఉంటుందని నేను మాటివ్వలేను, కారు అద్దం దించి చూసుకోండి. కానీ ఊడల కింద ఫొటోలంటూ రోడ్డు మీద ఆపొద్దు. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయారు. డ్రైవరు తొందరపడితే నా పేరు చెప్పి కసురు.

ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర చేసి ఉంచుతా. అసలు సంగతి ఆ భోజనాల దగ్గరే వస్తుంది. మీ బాబాయి చేయి కడుక్కుంటూ, "పది నిమిషాలే, ఒక వెంచర్ చూసి పోదాం" అంటాడు. పోవద్దు. గండిపేట, దాని జంట చెరువు నీళ్లు పాడుకాకుండా, చుట్టూ పది కిలోమీటర్లలో 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు రాకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. మా దిక్కు ఇంకా గులాబీ తోటలు, క్యారెట్ చేలు మిగిలాయంటే చాలావరకు దాని చలవే. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. ఇక చూసుకో, ప్రతి చాయ్ బండి దగ్గరా ఎకరం ధర చెప్పేవాడే. గేటు, నాలుగు కొబ్బరి మొక్కలు, గుంటల లెక్కన అమ్మకం. దాని పేరు ఫామ్ ప్లాట్ కావచ్చు, కాగితం తీస్తే వ్యవసాయ భూమే. విదేశంలో స్థిరపడ్డవాళ్లు, మన పాస్‌పోర్టున్నా సరే, ఓసీఐ కార్డున్నా సరే, వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడానికి ఫెమా చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. ఇల్లో, ఇళ్ల స్థలమో కొనొచ్చు, దానికైనా వకీలు కాగితాలు చూడాలి, నెలలు పడుతుంది. రాత్రికి విమానం ఉన్నవాడి తొందర బేరగాడికి బాగా తెలుసు. అందుకే బయానా ఇవ్వొద్దు, "మీరు పోయాక నేను చూసుకుంటా" అంటే మీ తరఫున అమ్మే కొనే అధికారమిచ్చే జీపీఏ మీద సంతకమూ పెట్టొద్దు. మాట అనలేకపోతే పెద్దమ్మ వద్దన్నదని చెప్పు. నాతో వాదించడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.

సామాన్ల సంగతి రెండు ముక్కల్లో. పచ్చి కరివేపాకు, బియ్యం అమెరికాలోకి రానివ్వరు. కరివేపాకుతో నిమ్మజాతి చెట్లకు తెగులు పాకుతుందని వాళ్ల భయం. ఎండుకొబ్బరి చిప్పలైతే విమానమే ఎక్కనివ్వరు, ఆ నూనెకు వేడి పుట్టి అంటుకుంటుందట. గుడిలో కొట్టిన కొబ్బరికాయ ఇక్కడే పచ్చడి చేసేస్తా. సకినాలు, ఆవకాయ కట్టిస్తా, ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోనే పెట్టు. అక్కడ దిగాక అధికారులకు తిండి ఉందని నిజం చెప్పండి. ఉందని చెప్పాక వద్దంటే తీసేసుకుంటారు, అంతే. దాచి దొరికితే జరిమానా.

నాలుగింటికల్లా ఇంటికి పోయి పడుకోండి. రాత్రి పదకొండుకు బయల్దేరి అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ ఎక్కితే తిన్నగా శంషాబాద్. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో డ్రైవరును ముందే అడుగు.

ఇట్లు,
మీ పెద్దమ్మ