పది షిల్లింగుల పెట్టుబడి

చేతిలో పని యున్నను, చేయు ఓపిక యున్నను, తాకట్టు పెట్టుటకు ఆస్తి లేనివారికి బ్యాంకులో అప్పు పుట్టుట అరుదు. అందును స్త్రీలకు మరింత అరుదు; ఏలయన ఇల్లు, భూమి పెక్కు దేశములలో పురుషుల పేరనే యుండెడివి. ఈ కష్టమును తీర్చుటకై పాటుపడిన వనితలలో ఎస్తర్ ఓక్లూ ముఖ్యురాలు.

ఆఫ్రికా ఖండపు పశ్చిమ తీరమున ఘనా దేశము కలదు. 1957లో స్వాతంత్ర్యము వచ్చువరకు అది గోల్డ్ కోస్టు అను పేర బ్రిటిషువారి పాలనలో నుండెను. ఆ దేశమందలి పెకీ ప్రాంతమున 1919వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన ఎస్తర్ జన్మించెను. తండ్రి కమ్మరి, తల్లి కుండలు చేయుచు, వ్యవసాయపు పనులు చూచుకొనుచుండెను. పేదరికము వలన ఆ బాలిక వారమువారము ఇంటికి పోయి, తిండి దినుసులు తెచ్చుకొని, బడి వద్ద స్వయముగా వండుకొని చదివెను. పట్టుదల ఫలించి, విద్యార్థి వేతనముతో ఆమెకు ప్రసిద్ధమైన అచిమోటా పాఠశాలలో ప్రవేశము లభించెను.

చదువు ముగిసిన పిమ్మట బంధువురాలొకతె ఆమెకు పది షిల్లింగులు, అనగా అర పౌను, ఇచ్చెను. ఆ సొమ్ముతో ఎస్తర్ నారింజ పండ్లు, చక్కెర, 12 గాజు సీసాలు కొని, మార్మలేడు అను నారింజ మురబ్బా తయారుచేసి వీధిలో అమ్మసాగెను. చదువుకొన్న యువతి సరకు మోసికొని తిరుగుట చూచి తోడి విద్యార్థులు పరిహసించిరి. ఆమె సిగ్గుపడి మానుకొనలేదు. కొలది కాలమునకే అచిమోటా పాఠశాల తమకు మురబ్బా సరఫరా చేయుమని కోరెను. తరువాత సైన్యమునకు పండ్లరసము సరఫరా చేయు ఒప్పందము కుదిరెను. ఆ ఒప్పందమును చూచి బ్యాంకు అప్పిచ్చెను. ఆ సొమ్ముతో 1942లో తన పుట్టింటి పేర "న్కులెను" పరిశ్రమను ఆమె స్థాపించెను. పిమ్మట ఇంగ్లండుకు పోయి, ఆహారపదార్థములను నిలువచేయు విద్యను అభ్యసించి వచ్చెను.

ఎస్తర్ తన అభివృద్ధితోనే తృప్తిపడలేదు. తనకు సైన్యపు ఒప్పందము ఆధారముగా నుండెను. అట్టి ఆధారము లేని బీదస్త్రీల గతి యేమి? ఆమె వారికి తాము అమ్ము సరకునకు అయిన ఖర్చును, మిగులు లాభమును లెక్కించుట నేర్పెను. వీధిప్రక్కన అన్నము, కూర అమ్ము స్త్రీ ఉద్యోగము చేయు పెక్కుమంది స్త్రీలకంటె ఎక్కువ సంపాదించుచున్నదని ఆ లెక్కలలో తేలెను. అయినను ఆ వ్యాపారమును గణింపువారే లేరని ఎస్తర్ లోకమునకు చాటి చెప్పెను.

1975లో మెక్సికో నగరమున ఐక్యరాజ్యసమితి మొదటి ప్రపంచ మహిళా సమావేశమును జరిపెను. ఎస్తర్ అందు పాల్గొనెను. అచట పుట్టిన ఆలోచన ఫలితముగా 1979లో "ఉమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్" అను అంతర్జాతీయ సంస్థ వెలసెను. ఎస్తర్ దానికి మొదటి అధ్యక్షురాలయ్యెను.

ఆ సంస్థ తొలినాళ్ల పద్ధతి తెలిసికొనదగినది. అది తానే అప్పులు పంచక, స్థానిక బ్యాంకులకు హామీగా నిలిచెను. తీరని అప్పు 100 రూపాయలనుకొందము. అందు 50 రూపాయల నష్టము ఈ సంస్థయు, 25 రూపాయలు ఆ దేశపు అనుబంధ సంస్థయు, తక్కిన 25 రూపాయలు బ్యాంకును భరింపవలెను. నష్టభయము తగ్గుటచే బ్యాంకు అప్పిచ్చుటకు ముందుకు వచ్చును. తనకును కొంత బాధ్యత యుండుటచే జాగ్రత్తగను ఇచ్చును. ఇది దానము కాదు. తిరిగి తీర్పవలసిన ఋణము.

ఈ సంస్థను నెలకొల్పినవారిలో మన దేశమునకు చెందిన ఇలా భట్ ఒకరు. అంతకు ముందే, 1974లో, అహమ్మదాబాదులో 4,000 మంది శ్రామిక స్త్రీలు తలకు పది రూపాయల వాటా చెల్లించి, ఆమె నాయకత్వమున సేవా సహకార బ్యాంకును స్థాపించుకొనిరి. అక్కడ పది షిల్లింగులు, ఇక్కడ పది రూపాయలు! మొత్తము చిన్నదైనను, అది పనిచేయు చేతులలో పడినపుడు పెరిగెను.

ఆకలి నిర్మూలనకై కృషిచేసిన నాయకులకిచ్చు ఆఫ్రికా బహుమానము 1990లో ఎస్తర్‌కు లభించెను. దానిని పొందిన మొదటి మహిళ ఆమెయే. 2002వ సంవత్సరము ఫిబ్రవరిలో ఆమె పరమపదించెను.

పేదవానికి తెలివి లేదనియు, అప్పిచ్చిన తీర్పడనియు తలచుట సులభము. ఆ తలపు ఎంత పొరపాటో ఎస్తర్ జీవితము తెలుపుచున్నది. బాలబాలికలారా! తట్ట నెత్తిన పెట్టుకొని మీ వీధికి వచ్చు స్త్రీని చూచినపుడు, ఆమెయు ఒక వ్యాపారము నడుపుచున్నదని గుర్తింపుడు.

ప్రశ్నలు
1. తోడివారు ఎస్తర్‌ను పరిహసించుటకు కారణమేమి? ఆమె ఏమి చేసెను?
2. బ్యాంకులు పేద స్త్రీలకు అప్పు ఇచ్చుటకు కొత్త సంస్థ ఏ విధముగా తోడ్పడెను?
3. దానమునకును ఋణమునకును గల భేదమును మీ మాటలలో వ్రాయుడు.