ఎండోస్కోపీ, కొలనోస్కోపీ తరువాత ఇంటివారు తీసుకోవలసిన జాగ్రత్తలు

కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపి అన్నవాహికను, జీర్ణాశయాన్ని చూసే పరీక్ష ఎండోస్కోపీ. మలద్వారం ద్వారా పంపి పెద్దపేగును చూసేది కొలనోస్కోపీ. మత్తు సూది ఇచ్చి ఈ పరీక్ష చేస్తే, గంట రెండు గంటల్లోనే రోగి లేచి కూర్చుంటారు, మామూలుగా మాట్లాడతారు. "నాకేం కాలేదు, షెడ్డుకు వెళతాను" అంటారు. మీరు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. మెలకువ వచ్చినంత మాత్రాన మత్తు పూర్తిగా దిగినట్లు కాదు.

మొదటి 24 గంటలు

ఆటోనగర్‌లో లేత్, గ్రైండింగ్, వెల్డింగ్ పనులు చేసేవారు, లారీ నడిపేవారు 24 గంటలు పనిలోకి వెళ్ళరాదు. ఒకరోజు కూలి పోతుందనే బాధ నిజమే. కాని మత్తులో చెయ్యి తడబడితే వేళ్ళే పోవచ్చు.

• రోగిని మోటారు సైకిలు నడపనివ్వకండి. వెనుక కూడా కూర్చోబెట్టకండి, తూలి పడవచ్చు. ఆటోలో తీసుకువెళ్ళండి.
• ఆ రాత్రి ఒకరు తోడుగా ఉండండి.
• మద్యం వద్దు. డాక్టరు చెప్పనిదే నిద్రమాత్రలు ఇవ్వకండి.
• ప్రామిసరీ నోట్ల మీద, ఆస్తి కాగితాల మీద సంతకాలు చేయించకండి.
• డాక్టరు చెప్పిన మాటలు రోగికి గుర్తుండకపోవచ్చు. మీరే విని రాసుకోండి.

గొంతులో మందు స్ప్రే మాత్రమే కొట్టి ఎండోస్కోపీ చేసినట్లయితే ఇంత విశ్రాంతి అవసరం లేదు. గొంతు తిమ్మిరి పోయేవరకు మాత్రం ఏమీ తాగించకండి, పొరబోతుంది. తరువాత ముందుగా ఒక గుక్క నీళ్ళు ఇచ్చి చూడండి. సరిగా మింగగలిగితే ఇడ్లీ, మజ్జిగన్నం వంటివి పెట్టండి. ఆవకాయ, వేడివేడి కాఫీ ఆ పూటకు వద్దు.

భయపడనవసరం లేనివి

ఒకటి రెండు రోజులు గొంతు నొప్పి, కడుపు ఉబ్బరం ఉండవచ్చు. పరీక్షలో పంపిన గాలి బయటకు పోతే ఉబ్బరం తగ్గుతుంది. మెల్లగా నడిపించండి. పేగు ఖాళీ అయినందున ఒకటి రెండు రోజులు విరేచనం కాకపోవచ్చు. ముక్క తీసి ఉంటే మలంలో కొద్దిగా రక్తపు చార కనిపించవచ్చు.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసినవి

• తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, కడుపు గట్టిపడటం
• జ్వరం, చలి
• ఛాతీనొప్పి, ఆయాసం, మింగలేకపోవడం
• రక్తపు వాంతి, తారులాంటి నల్లని విరేచనం
• మలద్వారం నుండి గడ్డలుగా లేక ఆగకుండా రక్తం పడటం

తెల్లవారాక చూద్దామని ఆగకండి. 108కి ఫోన్ చేయండి. పేగులోని పాలిప్ తీసినవారికి రెండు వారాల వరకు కూడా రక్తస్రావం రావచ్చు. కంకిపాడు, ఉయ్యూరు వంటి దూరపు ఊళ్ళకు వెళ్ళేవారు ఇది మరచిపోవద్దు.

మందులు, రిపోర్టు

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ ఎప్పుడు మొదలుపెట్టాలో, షుగరు మందు ఎంత వేయాలో ఇంటికి వెళ్ళేముందే అడగండి. నొప్పి బిళ్ళలు దుకాణంలో కొని వేయకండి.

ముక్క తీసి పంపితే ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. నొప్పి తగ్గిందని దాన్ని వదిలేయకండి. క్యాన్సరును తొలిదశలో పట్టించేది ఆ కాగితమే కావచ్చు. చెప్పిన తేదీకి వచ్చి రిపోర్టు తీసుకుని డాక్టరుకు చూపించండి.