తండ్రిని జ్ఞాపకం చేసుకోవడమంటే ఏమిటి? సమోవా నేర్పే పాఠం



తండ్రి మరణించిన నాడు అందరమూ ఆయన మంచితనం చెప్పుకుంటాం. సంవత్సరీకానికి పూజ పెట్టిస్తాం. నవంబరు 2న సమాధిపై కొవ్వొత్తి వెలిగిస్తాం. ఇవన్నీ చేయవలసినవే. కాని శ్రీసభలో స్మరణ అనే మాటకు అంతకంటె లోతైన అర్థం ఉంది. దివ్యబలిపూజలో ప్రభువును స్మరించినప్పుడు, గతాన్ని తలచుకోవడంతో ఆగము. ఆయన మన మధ్య సజీవంగా ఉన్నాడని విశ్వసిస్తాం. తండ్రి జ్ఞాపకానికి కూడా ఇది వెలుగునిస్తుంది. ఆయన చేసిన పని ఆగిపోతే, మిగిలేది పొగడ్త మాత్రమే.

పసిఫిక్ మహాసముద్రంలో సమోవా అనే చిన్న దీవుల దేశముంది. అది 1962లో స్వాతంత్ర్యం పొందింది. 1845లో మరిస్టు సభ గురువులు అక్కడికి కతోలిక విశ్వాసం తెచ్చారు. నేడు జనాభాలో సుమారు ఐదింట ఒకవంతు కతోలికులు. అక్కడి తండ్రి ఎలా జీవిస్తాడో మూడు విషయాలలో చూద్దాం.

మొదటిది విశ్వాసం. అక్కడి గ్రామాలలో సాయంకాలం గంట మోగుతుంది, లేదా శంఖం ఊదుతారు. ఆ ప్రార్థన వేళను ‘సా’ అంటారు. దారిలో నడిచేవారిని గ్రామ యువకులు ఆపుతారు. ప్రతి ఇంటా కుటుంబమంతా కూర్చుని, పాట పాడి, వాక్యం చదివి ప్రార్థిస్తారు. ఇంటిపెద్ద ప్రార్థన నడిపిస్తాడు. ‘ప్రార్థన ఆడవాళ్ల పని’ అని అతడు పక్కకు తప్పుకోడు.

రెండవది కుటుంబం. అక్కడ బంధువర్గమంతటికీ ‘మతాయి’ అనే పెద్ద ఉంటాడు. ఆ పదవి పొందగోరేవాడు ముందు ఏళ్ల తరబడి కుటుంబానికి సేవ చేయాలి. అధికారానికి దారి సేవయేనని వారి సామెత. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు చూపిన దారి కూడా ఇదే. అక్టోబరు రెండవ ఆదివారం పిల్లల పండుగ. మామూలు రోజుల్లో పెద్దలు తిన్నాకే పిల్లలు తింటారు. ఆ రోజు మాత్రం పెద్దలే వడ్డించి, పిల్లలకు ముందు పెడతారు.

మూడవది శ్రీసభ సేవ. గురువు ప్రతి ఊరిలో ఉండలేడు. అక్కడ ఉపదేశి ఆదివారం ప్రార్థన నడిపి, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పి, రోగులను చూస్తాడు. మన తెలుగు పల్లెల్లో కూడా ఎన్ని విచారణలు ఉపదేశుల చెమటతో నిలబడ్డాయో మీకు తెలుసు. 1967లో ఆరవ పౌలు పోపుగారు శాశ్వత డీకనుల పరిచర్యకు మార్గం తెరిచాక, సమోవాలో వివాహితులైన తండ్రులు కూడా డీకనులయ్యారు. ఇంటిని చక్కదిద్దుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూడగలడని పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖలో, మూడవ అధ్యాయంలో అడుగుతాడు. ఇంటిలో చేసిన సేవే గుడిలో చేసే సేవకు పునాది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంటిపెద్ద మాట చెల్లే చోట భయం కూడా పెరగవచ్చు కదా? పెరగవచ్చు. ప్రార్థన నడిపే నోరే తిట్టి కొడితే, పిల్లలు దేవుణ్ణి కూడా ఆ ముఖంతోనే ఊహించుకుంటారు. కాబట్టి ముందు సేవ, తరువాతే అధికారం. ఈ వరుస తారుమారు కాకూడదు.

తండ్రులారా, మీ పిల్లలు రేపు మిమ్మల్ని ఏ పనిలో జ్ఞాపకం చేసుకుంటారు? కట్టిన ఇల్లు, కొన్న పొలం పంచుకుంటే తరిగిపోతాయి. ప్రార్థన పంచుకున్నకొద్దీ పెరుగుతుంది. తండ్రి లేని ఇళ్లలో ఆ బాధ్యత మోస్తున్న తల్లులారా, అన్నలారా, మీరు ఆయన స్మరణను నిజంగా సజీవంగా ఉంచుతున్నారు.

ఈ వారం ఒక్క పని చేయండి. సాయంకాలం ఒక వేళ నిర్ణయించి, టీవీ ఆపి, పదిహేను నిమిషాలు జపమాల చెప్పండి. తండ్రి మొదలుపెట్టాలి. గతించిన మీ తండ్రి పేరు ఆ ప్రార్థనలో పలకండి. ఆయన మీకు నేర్పిన ఒక మంచి పనిని మరునాడు మీరు చేయండి. పునీత జోజప్పగారు మన తండ్రులందరి కొరకు ప్రార్థించుదురు గాక!