కుక్కను ఉంచుకోవడం: అనుమతి ఎంతవరకు? బాధ్యత ఎంతవరకు?

రెండేళ్ళ క్రితం జాతీయ రహదారి పక్కనున్న ఒక చిన్న పట్టణంలో మేము జుమా ప్రసంగం చేశాము. ఇంటి పరిశుభ్రత గురించి మాట్లాడుతూ, కుక్క ఉన్న ఇంట్లోకి కారుణ్య దూతలు ప్రవేశించరన్న హదీసును వివరించాము. మరుసటి శుక్రవారం నమాజు తర్వాత ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి, "మౌలానా, మీ బయాన్ విన్న సాయంత్రమే మా కుక్కను వదిలించుకున్నాము" అని ఎంతో సంతృప్తిగా చెప్పాడు. "ఎక్కడ వదిలావు బాబూ?" అని అడిగాము. మూడేళ్ళుగా ఇంట్లో పెరిగిన కుక్కను సామాన్ల ఆటోలో ఎక్కించి, టోల్ గేటు దాటాక రోడ్డు పక్కన దింపి వచ్చేశాడట. అది ఆటో వెనక చాలా దూరం పరుగెత్తిందని కూడా చెప్పాడు.

ఆ మాటతో మా నోట మాట రాలేదు. తప్పు అతనొక్కడిదే కాదు. మేము సగం పాఠం చెప్పి మింబరు దిగాము. అతను ఆ సగాన్నే ఆచరించాడు. అందుకే ఈ వ్యాసంలో మొదటి సగాన్ని క్లుప్తంగాను, ఆనాడు చెప్పకుండా వదిలేసిన రెండో సగాన్ని కాస్త వివరంగాను పాఠకుల ముందుంచుతున్నాము.

అనుమతి ఎవరికి?

వేట కోసమో, పశువుల మంద కోసమో, పొలం కాపలా కోసమో తప్ప కుక్కను ఉంచుకున్నవాని పుణ్యఫలంలో ప్రతిరోజూ కొంత తగ్గిపోతూ ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి), హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)ల ఈ ఉల్లేఖనాలు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి. ఆ తగ్గుదల ఒక ఖీరాతు అని ఒక ఉల్లేఖనంలో, రెండు ఖీరాతులని మరొక దానిలో ఉంది. జనాజా నమాజు గురించిన హదీసులో ఖీరాతును ఉహుద్ పర్వతంతో పోల్చడం జరిగింది. ఇక్కడి ఖీరాతు కూడా అంతటిదేనా అన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. అంత కాకపోయినా, ప్రతిరోజూ జరిగే నష్టాన్ని చిన్నదని ఎవరు అనగలరు?

ఈ హెచ్చరికలోనే మినహాయింపు కూడా ఉందని మరువరాదు. శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదాన్ని అల్లాహ్ పేరు స్మరించి తినవచ్చని దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 4వ ఆయతులో ఉంది. ఇక గుహవాసుల కుక్క సంగతి, ప్రతి శుక్రవారం కహఫ్ సూరా పారాయణం జరిగే మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆ కుక్క గుహ లోపల వారి పక్కన కాక, గుమ్మం దగ్గర ముందు కాళ్ళు చాచి ఉందని ఆయతు చెబుతోంది. మన ఇళ్ళకు కూడా అది మంచి హద్దు.

మరి ఇంటి కాపలాకు కుక్కను ఉంచుకోవచ్చా? హదీసులో పేర్కొన్న మూడు అవసరాలతో పోల్చి, ఇది కూడా అనుమతించదగినదేనని ఇమామ్ నవవీ (రహ్మ) అభిప్రాయపడ్డారు. దొంగల భయం వంటిది ఉంటే తప్ప ఇంట్లో కుక్కను ఉంచుకోరాదని ఫతావా ఆలంగీరీలో ఉంది. కనుక మేకల దొడ్డి, మామిడి తోట, చేపల చెరువు గట్టు, ఊరి చివరి ఒంటరి ఇల్లు... ఇవన్నీ అవసరం కిందికి వస్తాయి. కాపలాకు వాచ్‌మన్, కెమెరా ఉన్న అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, పక్కింటివారికి ఉన్నది గదా అని తెచ్చిన లాబ్రడార్ ఏ అవసరం కిందికి వస్తుందో తెచ్చినవారే చెప్పాలి.

ఉంచుకున్న తర్వాత?

అవసరం ఉంది, అనుమతి ఉంది, కుక్కను తెచ్చుకున్నాము. మన సంభాషణలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. షరీఅత్ మాత్రం ఇక్కడ ఆగదు.

బావిలోకి దిగి, మేజోడులో నీళ్ళు నింపి, దప్పికతో మట్టి నాకుతున్న కుక్కకు తాగించిన మనిషి పాపాలు మన్నించబడ్డాయన్న హదీసు మనందరికీ తెలుసు. అది అతని కుక్క కాదు. దారిలో కనబడిన ఎవరిదో కాని ప్రాణి. దారిన పోయే కుక్కకు గుక్కెడు నీళ్ళు పోయడమే అంతటి పుణ్యమైతే, మనమే కట్టేసి, తన తిండి తాను వెదుక్కునే దారి మూసేసిన కుక్కను ఆకలితో ఉంచడం ఎంతటి పాపం! ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండి పెట్టకా, నేల మీది పురుగూ పుట్రా తినడానికి వదలకా చంపిన కారణంగా నరకానికి గురయిందన్న హదీసు కూడా బుఖారీ, ముస్లింలలోనే ఉంది.

హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) తన 'ఖవాయిదుల్ అహ్కామ్'లో జంతువులకు మనిషిపై ఉన్న హక్కులను వివరించారు. ముసలిదై, రోగంపాలై, ఇక ఏ ప్రయోజనమూ లేని స్థితికి చేరినా సరే, దాని పోషణ ఖర్చు యజమానిదేనని అందులో ఉంది. పోషించనివానిని ఖాజీ బలవంత పెట్టవచ్చా లేదా అన్న విషయంలో హనఫీ ఇమాముల మధ్య చర్చ ఉంది గాని, అల్లాహ్ ముందు అతను బాధ్యుడేనన్న విషయంలో భేదం లేదు. పైగా ప్రాణమున్న ప్రతిదానికీ చేసే మేలులో పుణ్యముందని ప్రవక్త (స) తెలిపారు గదా! అవసరానికి ఉంచుకున్న కుక్కకు పెట్టే తిండిని దండగ అనుకోవలసిన పని లేదు.

ఇక లెక్క వేద్దాము. కుక్క సాధారణంగా పది నుండి పదమూడేళ్ళు బతుకుతుంది. తిండికి, మందులకు కలిపి రోజుకు సగటున నూరు రూపాయలే అనుకున్నా ఏడాదికి 36,500 అవుతుంది. పన్నెండేళ్ళకు 4,38,000 రూపాయలు! మిగిలిన అన్నంతో సరిపెట్టే పల్లెటూరి ఇంట్లో ఇంతకన్నా తక్కువ కావచ్చు, జాతి కుక్కకు చాలా ఎక్కువ కావచ్చు. కూనను ముద్దు చేసే రోజున ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు. పిల్లల స్కూలు ఫీజుకు, తల్లిదండ్రుల మందులకు తడుముకునే ఇంట్లో సరదా కోసం ఈ బరువును నెత్తికెత్తుకోవడం వివేకం కాదు.

మిగిలిన అన్నం అన్నాము గనుక ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఇళ్ళలో మిగిలేది తరచుగా బిర్యానీ, సాలన్. వాటి నిండా ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఇవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. చాక్లెట్, ద్రాక్ష కూడా దానికి విషమే. మనం ప్రేమతో వేసినదే దాని ప్రాణం తీయవచ్చు. సాదా అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించి ఎముకలు తీసిన మాంసమో, గుడ్డో కలిపి రెండు పూటలా పెట్టడం మేలు. ఎండాకాలంలో నీటి సంగతి మరీ ముఖ్యం. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూ వేడిని బయటికి పంపుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, నీళ్ళ గిన్నె అందనంత పొట్టి గొలుసుతో కట్టేసిన కుక్కలను మేము ఎన్నో ఊళ్ళలో చూశాము. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకుండా నిర్లక్ష్యం చేయడం, తిండి నీరు ఇవ్వకపోవడం, తగిన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరాలు కూడా.

టీకాల విషయంలో బద్ధకం పనికిరాదు. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బుల టీకాలు కూనకు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి. రేబీస్ టీకా మూడు నెలలకు వేయించి, ఆ పైన ఏడాదికోసారి మళ్ళీ వేయించాలి. జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అనేక ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకాను ఉచితంగా వేస్తారు. నులిపురుగుల మందు కూడా వేళకు పట్టించాలి, ఎందుకంటే ఆ పురుగులు ఇంట్లోని పసిపిల్లలకు సోకగలవు. ఆడకుక్క అయితే ఈత ఈతకూ పుట్టే కూనలను ఎవరికి అప్పగిస్తారో ముందే ఆలోచించుకోవాలి. ప్రయోజనం ఉన్నప్పుడు జంతువులకు సంతాన నిరోధక శస్త్రచికిత్సను హనఫీ పండితులు అనుమతించారు. షాఫయీలు ఈ విషయంలో కఠినంగా ఉన్నారు.

పాక్, నాపాక్

ఇంటి ఆడవారిని ఎక్కువగా వేధించే సమస్య ఇదే. హనఫీ మస్లక్ ప్రకారం కుక్క చొంగ నాపాక్. పొడి ఒంటితో అది బట్టలకు రాసుకున్నంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. చొంగ అంటిన చోటును మాత్రం కడిగి నమాజు చేయాలి. కుక్క మూతి పెట్టిన గిన్నెలోనిది పారబోసి, గిన్నెను మూడుసార్లు కడగడం తప్పనిసరి, ఏడుసార్లు కడగడం ఉత్తమం. హైదరాబాద్ బార్కాస్‌లోని అరబ్బు సంతతి కుటుంబాల వంటి షాఫయీల దగ్గర మాత్రం కుక్క మొత్తం నాపాకే. తడి తగిలితే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. మాలికీలు కుక్కను నాపాక్‌గా పరిగణించరు. ఎవరి మస్లక్‌ను వారు పాటించాలి, ఒకరినొకరు నిందించుకోకూడదు. కుక్కకు విడి గిన్నె, ఇంటి బయట విడి చోటు ఏర్పాటు చేస్తే ఈ చిక్కుల్లో చాలా వరకు అసలు తలెత్తవు.

పొరుగువారు, కాటు

తన కీడు నుండి పొరుగువానికి భద్రత లేనివాడు విశ్వాసి కాడన్నంత తీవ్రంగా ప్రవక్త (స) హెచ్చరించారు. మన కుక్క రాత్రంతా మొరిగి పక్కింటి రోగికి నిద్ర లేకుండా చేసినా, గేటు తెరిచి ఉన్నందున మదర్సాకు పోయే పిల్లల మీదికి ఉరికినా, అది మన కీడే. కరిచే కుక్కను కట్టకుండా వదిలినవాడు దాని కాటు వల్ల కలిగే నష్టానికి జవాబుదారీ అని ఇబ్నె ఖుదామా (రహ్మ) 'అల్ ముగ్నీ'లో రాశారు. అనుమతి లేకుండా ఇంట్లో చొరబడినవాని సంగతి వేరు. ప్రమాదం జరగకుండా తన జంతువును అదుపులో ఉంచనివానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

ఎవరినైనా కరిస్తే పసుపు, కారం, సున్నం పూయడం, తావీజు కట్టించి ఊరుకోవడం ప్రాణాంతకం. దుఆ చేయండి, కాని దుఆతోపాటు ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. సూదులన్నీ చెప్పిన తేదీల్లో పూర్తి చేయించండి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కరిచినది మన కుక్కే అయితే వైద్యం ఖర్చు అడిగించుకోకుండా ఇవ్వాలి.

ఇప్పటికే తెచ్చుకున్నవారు

అవసరం లేకుండానే కుక్కను తెచ్చుకుని, ఇప్పుడు హదీసు విని బాధపడుతున్న కుటుంబాలు ఏం చేయాలి? రోడ్డు మీద మాత్రం వదలకూడదు. ఇంటి తిండికి అలవాటుపడిన కుక్క వీధిలో బతకలేదు. ఒక తప్పును మరొక తప్పుతో కడగలేము. గొర్రెల కాపరి, తోట రైతు, కోళ్ళ ఫారం యజమాని వంటి నిజమైన అవసరం ఉన్నవారిని వెదికి, వారు బాగా చూసుకుంటారని నమ్మకం కుదిరాక ఊరికే ఇచ్చేయండి. కుక్కను అమ్మిన సొమ్మును ప్రవక్త (స) వారించారన్న హదీసు హజ్రత్ అబూ మసూద్ అన్సారీ (రజి) ఉల్లేఖించారు. ప్రయోజనకరమైన కుక్క అమ్మకాన్ని హనఫీలు అనుమతించినా, ఉచితంగా ఇవ్వడంలో ఏ భేదాభిప్రాయమూ లేదు. అటువంటివారు దొరికే వరకు ఇంటి బయట నీడలో చోటు చూపి, తిండి, నీరు, టీకా ఏదీ ఆపకుండా ఉంచండి. ముసలిదై ఎవరూ తీసుకోకపోతే, అది చనిపోయే వరకు దాని హక్కు మీ మీదే ఉంటుంది.

ఆ యువకుడు మేము చెప్పగానే తన అన్నను వెంటబెట్టుకుని టోల్ గేటు దగ్గరికి వెళ్ళాడు. రెండు రోజులు వెతికినా కుక్క దొరకలేదు. "దీనికి కఫ్ఫారా ఏమైనా ఉందా మౌలానా?" అని అడిగాడు. షరీఅత్‌లో దీనికి నిర్ణీత కఫ్ఫారా అంటూ లేదనీ, తౌబా చేసుకోవాలనీ, చేతనైతే నోరులేని జీవాలకు నీళ్ళ ఏర్పాటు చేయమనీ చెప్పాము. మొన్న ఆ ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళ ఇంటి గోడ పక్కన సిమెంటు తొట్టి కనబడింది. వీధి కుక్కలూ, మేకలూ అందులో తాగుతున్నాయి. నీళ్ళు రోజూ మార్చమని, లేకపోతే దోమలు పెరుగుతాయని చెప్పి వచ్చాము.