పాత వాల్వు ఆంప్లిఫయర్‌కి కొత్త కండెన్సర్లు: కొనేముందు చూసుకోవలసినవి

అటక మీంచి దించిన వాల్వు ఆంప్లిఫయర్‌ని దుమ్ము తుడిచీ తుడవగానే ప్లగ్గులో పెట్టకండి. వాల్వులు యాభై ఏళ్ల తర్వాత కూడా వెలుగుతాయి. కండెన్సర్లకి అంత ఆయుష్షు లేదు. అందులో ఒకటి షార్టయితే అదొక్కటే పోయి ఊరుకోదు, ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా కాల్చేస్తుంది. కండెన్సర్ ఏ అంగడిలోనైనా దొరుకుతుంది గానీ, ఆ నాటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ దొరుకుతుంది? కింది చిట్కాలన్నీ దాన్ని కాపాడుకోవడానికే. ఉదాహరణకి 1950ల నాటి ముల్లార్డ్ 5-10 డిజైన్‌ని తీసుకున్నాను. అందులో ఒక ఈఎఫ్86, ఒక ఈసీసీ83, రెండు ఈఎల్84లు, కరెంటు సరఫరాకి ఈజెడ్81 ఉంటాయి.

1. ముందు ప్లగ్గు పీకండి. అయినా ఫిల్టర్ కండెన్సర్లలో 300 వోల్టులకి పైగా నిలవ ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి, ప్లస్సుకీ ఛాసిస్‌కీ మధ్య కొన్ని సెకన్లు ఉంచండి. ఆ తర్వాత మీటరు పెట్టి చూసి గాని చెయ్యి పెట్టకండి. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లు కొనడం వరకే చూసుకుని, బిగించే పని తెలిసిన మెకానిక్‌కి అప్పగించడం మంచిది.

2. అన్నీ పీకెయ్యక్కర్లేదు. ఎలక్ట్రోలైటిక్‌లు, మైనం పూసిన కాగితం కండెన్సర్లు, నల్లగా పోతపోసిన పాత కాగితం కండెన్సర్లు మాత్రం తప్పక మార్చాలి. మైకా, సెరామిక్ రకాలు సాధారణంగా బాగానే ఉంటాయి, వాటి జోలికి పోకండి. ఆవపిండి రంగులో ఉండే పాత పాలియెస్టర్‌వి కూడా చాలావరకు గట్టివే. పరీక్షించి వదిలెయ్యండి.

3. డబ్బు తక్కువై ఒక్క చోటే మార్చగలిగితే, ఈఎల్84ల గ్రిడ్‌లకి వెళ్లే కప్లింగ్ కండెన్సర్లు మార్చండి. వాటికి ఒకవైపు దాదాపు 200 వోల్టుల డీసీ ఉంటుంది, రెండోవైపు అందులో చుక్క కూడా రాకూడదు. పాత కాగితం కండెన్సర్ లీకై 10 మెగా ఓమ్‌కి పడిపోయిందనుకోండి. 470 కిలో ఓమ్ గ్రిడ్ రెసిస్టర్ మీద 9 వోల్టుల దాకా ప్లస్ చేరుతుంది. అప్పుడు వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతుంది, దాని వెనకే ట్రాన్స్‌ఫార్మర్. 100 మెగా ఓమ్ దగ్గర కూడా దాదాపు ఒక వోల్టు వస్తుంది. చేతి మీటరులో మైక్రోఫారడ్ సరిగ్గా చూపిస్తోందని మురిసిపోకండి. ఆ మీటరు ఒకటి రెండు వోల్టులతో కొలుస్తుంది, లీకు బయటపడేది 200 దగ్గర. ఇక్కడికి 630 వోల్టుల పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కొనండి.

4. ఫిల్టర్ కండెన్సర్‌కి విలువ కంటే ముందు వోల్టేజీ చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ 300-0-300 అయితే లోడు లేనప్పుడు డీసీ 424 దాకా ఎక్కుతుంది. మన ఇళ్లల్లో కరెంటు 230కి బదులు 250 వచ్చే వేళల్లో అది 460 అవుతుంది. ఈజెడ్81 నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి ఆలోగా మిగతా వాల్వులు కూడా అందుకుని లోడు పడుతుంది, 450 వోల్టులది సరిపోతుంది. ఎవరైనా ఆ వాల్వు తీసేసి సిలికాన్ డయోడ్లు పెట్టి ఉంటే, స్విచ్ వేసిన క్షణంలోనే మొత్తం వోల్టేజీ కండెన్సర్ నెత్తిన పడుతుంది. అప్పుడు 500 వోల్టులది తప్పనిసరి.

5. పాత విలువల కోసం ఊరంతా తిరగకండి. 8కి 10, 16కి 22, 32కి 33, 50కి 47 మైక్రోఫారడ్ వేసుకోవచ్చు. 0.05 అని ఉన్నచోట 0.047, 0.02 ఉన్నచోట 0.022 పెట్టండి. ఒక్క జాగ్రత్త: పాత పటాల్లో రెండు ‘ఎం’లతో ‘ఎంఎంఎఫ్’ అని ఉంటే అది పికోఫారడ్, మైక్రోఫారడ్ కాదు.

6. హమ్ తగ్గుతుందని మొదటి ఫిల్టర్ కండెన్సర్‌ని పెద్దది చెయ్యకండి. రెక్టిఫయర్ వాల్వు దాటి మొదట తగిలేది అదే. ఈజెడ్81కి గరిష్ఠ హద్దు 50 మైక్రోఫారడ్, మరో రెక్టిఫయర్ వాల్వు జీజెడ్34కి 60. అక్కడ 100 పెడితే వాల్వులో నిప్పురవ్వలు చూస్తారు.

7. ఎలక్ట్రోలైటిక్‌కి ప్లస్, మైనస్ తెలిసిందేగా. కాథోడ్ దగ్గరి 25 లేదా 50 మైక్రోఫారడ్‌లకి ప్లస్ కాథోడ్ వైపు ఉండాలి. కొన్ని ఆంప్లిఫయర్లలో గ్రిడ్‌లకి విడిగా మైనస్ బయాస్ ఇస్తారు. ఆ కండెన్సర్‌కి ప్లస్ ఛాసిస్ మీదికి వస్తుంది. అలవాటు కొద్దీ తిప్పి బిగిస్తే అది పేలుతుంది. అందుకే తీసేముందు ఫోటో తీసుకోవాలి, ఒకటి తీసి ఒకటి పెట్టాలి.

8. మెయిన్స్ తీగల మధ్య ఉన్నదానికి ఎక్స్2, తీగకీ ఛాసిస్‌కీ మధ్య ఉన్నదానికి వై2 ముద్ర ఉన్నదే వాడాలి. 630 వోల్టులది చేతిలో ఉంది కదా అని ఇక్కడ పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. తీగకీ ఛాసిస్‌కీ మధ్యది షార్టయితే ఛాసిస్ మొత్తం లైవ్ అవుతుంది.

9. పైకి కనిపించే అల్యూమినియం డబ్బా కండెన్సర్‌ని అందం కోసం ఉంచుకోండి. దాని తీగలు మాత్రం పూర్తిగా విప్పేసి, కొత్తవి ఛాసిస్ కింద బిగించండి. పాతదాన్ని అలాగే వదిలి పక్కన కొత్తది తగిలించే మెకానిక్‌లు ఉన్నారు. ఒప్పుకోవద్దు.

10. ఎలక్ట్రోలైటిక్ కొనేటప్పుడు 105 డిగ్రీలదే అడగండి, వాల్వుల పక్కన 85ది త్వరగా ఎండిపోతుంది. డబ్బా విప్పని పాత సరుకు అని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. వాడకపోయినా లోపలి ఆక్సైడ్ పొర పాడవుతుంది. కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కావలసినవి చాలావరకు దొరుకుతాయి. అసలుదో నకిలీదో అనుమానముంటే అధీకృత డీలరు దగ్గర తీసుకోండి. వేలు పోసి కొనే నూనె-కాగితం కండెన్సర్లతో పాట తియ్యగా మారుతుందన్న మాటని నేను పట్టించుకోను. ఆ డబ్బుతో మంచి స్పీకర్ కొనుక్కోవచ్చు.

11. అంతా అయ్యాక మొదటిసారి సిరీస్ ల్యాంపు బోర్డు మీద వెలిగించండి. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. మెరుపు తగ్గకపోతే వెంటనే ఆపండి. నేరుగా కరెంటు ఇచ్చాక రెండు ఈఎల్84ల గ్రిడ్‌లకీ ఛాసిస్‌కీ మధ్య మీటరు పెట్టండి. వాల్వులు బాగా వేడెక్కాక కూడా ప్లస్ వోల్టేజీ కనిపించకపోతే, స్పీకర్‌కి పాట పెట్టుకోవచ్చు.